మాస్టారి తలలో మచ్చ

డ్రైవింగ్ స్కూల్లో ఆయన్ని అందరూ బ్రేకు మాస్టారు అనేవారు. కొత్తగా నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు స్టీరింగు పట్టుకోగానే కర్రల్లా బిగుసుకుపోతారు కదా, అప్పుడు మాస్టారు పక్క సీట్లో సర్దుకుని కూర్చుని, తన కాలి కింద ఉన్న రెండో బ్రేకును ఒకసారి తొక్కి చూపించి, "బండి నీది, బ్రేకు నాది. ఇంకెందుకు భయం? పోనీ," అనేవారు. ఆ మాట వినగానే ఎదుటివాళ్ళ భుజాలు బెత్తెడు కిందికి దిగేవి.

ఏళ్ళ తరబడి అలా కూర్చోవడం వల్ల ఆయన మనుషుల్ని ఒక పక్క నుంచే చూశారు. ఒక చెవి, ఒక చెంప, చెమట పట్టిన కణత. ఎవరైనా రోడ్డు మీద ఎదురొచ్చి నమస్కారం పెడితే వెంటనే గుర్తుపట్టలేక తడుముకునేవారు. ఆ మనిషి ఏ హారనో విని పక్కకు తిరిగితే చాలు, ఇట్టే గుర్తొచ్చేది. "ఓహో, నువ్వా! రివర్సు తీసేటప్పుడు నాలుక బయటపెట్టేవాడివి కదూ?" వాళ్ళు సిగ్గుపడి నవ్వి, రెండు మాటలు మాట్లాడి, తమ కారెక్కి వెళ్ళిపోయేవారు. మాస్టారు బస్సెక్కి ఇంటికి వచ్చేవారు. ఆయన పనే అలాంటిది. వచ్చినవాళ్ళకు ఎంత త్వరగా ఆయన అవసరం తీరిపోతే ఆయన అంత బాగా నేర్పినట్టు.

ఒకప్పుడు పెళ్ళయింది కానీ నిలవలేదు. గొడవలేం లేవు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కారులో "గేరు మార్చు, అద్దం చూడు, మెల్లగా, మెల్లగా" అని గొంతు అరగదీసుకున్న మనిషి ఇంటికొచ్చాక నోరు విప్పేవారు కాదు. ఆమె కొన్నేళ్ళు ఓపిక పట్టి, ఒకరోజు ఎంతో మర్యాదగా వెళ్ళిపోయింది. అప్పటి నుంచి మేడ మీద రెండు గదుల్లో ఒక్కరే ఉండేవారు. ఊరికి ఆ చివర చెల్లెలు, బావ, మేనకోడలు. ఆదివారం భోజనం అక్కడే. ఆయన లోకం అంతే.

జబ్బు దగ్గుతో మొదలైంది. ముందు కారు ఏసీ మీద, తర్వాత దుమ్ము మీద, ఆ తర్వాత వయసు మీద నెట్టేశారు. చివరికి చెల్లెలు చెయ్యి పట్టుకుని లాక్కెళ్తే ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ అని తేలింది. అప్పటికే ముదిరింది. కబురు విన్న ప్రతివాళ్ళూ మొదట అడిగిన మాట ఒక్కటే: "సిగరెట్లు తాగేవారా?" మాస్టారు జన్మలో సిగరెట్టు ముట్టలేదు. "ఒక్కటైనా తాగుంటే బాగుండేది. అడిగినవాళ్ళకు చెప్పడానికి జవాబైనా ఉండేది," అన్నారు బావతో. బావ నవ్వబోయి ఆగిపోయాడు.

ఆ రోజుల్లో చెల్లెలు ఆయన కోసం ఆస్పత్రిలోనే కాపురం పెట్టిందంటే అతిశయోక్తి కాదు. ఉద్యోగానికి సెలవు పెట్టేసింది. నర్సులతో దెబ్బలాడింది, వాళ్ళతోనే స్నేహం చేసింది. బావ ఫైళ్ళు మోసేవాడు. మేనకోడలు తన ఫోన్లో అలారం పెట్టుకుని, రోజూ వేళకు ఫోను చేసి "మావయ్యా, మాత్ర" అని ఒక్క ముక్క చెప్పి పెట్టేసేది. ఆస్పత్రిలో పడక, పరీక్షలు అన్నీ ముగిశాక రోజుకో మాత్ర, అంతే వైద్యం. ఆయన క్యాన్సర్‌కు సరిగ్గా సరిపోయే మందు దొరకడం అదృష్టం అన్నారు డాక్టరమ్మ. అది నిజంగానే పనిచేసింది. దగ్గు పోయింది, ఒంట్లోకి బలం వచ్చింది, కొన్ని నెలలకు తీసిన ఛాతీ స్కానులో గడ్డ ఎండిన బఠానీ గింజంత అయి కూర్చుంది. చెల్లెలు ఆస్పత్రి వరండాలోనే భోరుమని ఏడ్చింది. వీధంతా మిఠాయి పంచింది. "గండం గడిచింది అన్నయ్యా. ఇంక నువ్వూ నేనూ హాయిగా నిద్రపోవచ్చు," అంది.

ఆ తర్వాత ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు. అందులో తప్పు పట్టడానికేముంది? చెల్లెలు మళ్ళీ ఉద్యోగంలో చేరింది. మాస్టారు మళ్ళీ పక్క సీట్లో కూర్చున్నారు. "ఛాతీ బాగున్నా తల ఫోటో కూడా తీస్తూ ఉండాలి. ఈ జబ్బుకు తలలోకి పాకే అలవాటుంది," అని డాక్టరమ్మ చెప్పినప్పుడు, అదేదో బండికి సర్వీసింగు లాంటిదే అనుకుని, ఎవరికీ చెప్పకుండా ఒక్కరే వెళ్ళి తీయించుకొచ్చారు.

తలలో మచ్చ కనిపించింది.

"చిన్నదే," అన్నారు డాక్టరమ్మ. "ఎడమవైపు ఉంది. దానికొక్కదానికే గురిపెట్టి రేడియేషన్ ఇస్తాం. ఒక్కరోజు పని. కానీ కారు నడపడం మాత్రం ఇవాళే మానెయ్యాలి. ఉన్నట్టుండి ఫిట్స్ రావచ్చు."

"నేను నడపనండీ. పక్కన కూర్చుంటాను, అంతే."

"పక్కన కూర్చుని ఏం చేస్తారు?"

"అవసరమైతే బ్రేకు వేస్తాను."

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి ఆయన వంక చూశారు. "అయితే అదీ మానెయ్యండి," అన్నారు.

ఆ సాయంత్రం చెప్పేద్దామనే చెల్లెలింటికి వెళ్ళారు. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల సోఫాలో చెల్లెలు నిద్రపోతోంది. ఆఫీసు చీర కూడా మార్చుకోలేదు. నోరు కొద్దిగా తెరుచుకుని, ఒక చెయ్యి కిందికి వేలాడేసి, చిన్నప్పుడు స్కూలు నుంచి వచ్చి పడుకున్నట్టే పడుకుంది. వారాల తరబడి ఆస్పత్రి కుర్చీల్లో కునికిన మనిషి అది. మాస్టారు చాలాసేపు అక్కడే నిలబడ్డారు. నిద్రలేపి "గండం గడవలేదే" అని చెప్పడానికి నోరు రాలేదు. తలుపు మళ్ళీ దగ్గరగా వేసి, చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగి వచ్చేశారు. రేపు చెప్దాం అనుకున్నారు. ఆ రేపు ఎంతకూ రాలేదు.

రేడియేషన్‌కీ ఒక్కరే వెళ్ళారు. ముఖానికి వల లాంటి ముసుగు బిగించి బల్లకు కట్టేశారు. నొప్పేమీ లేదు. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే నుదుటి మీద వల గళ్ళు అచ్చు పడి ఉన్నాయి, అద్దం ముందు నిలబడి అవి మాయమయ్యేదాకా చూశారు. స్కూలు ఓనరుకు మోకాలి నొప్పని చెప్పారు. ఓనరు మంచివాడు, వెనకగదిలో క్లాసు అప్పగించాడు. రోడ్డు గుర్తుల పటాలు, తెల్లబోర్డు, దాని మీద అతుక్కునే అయస్కాంతం కార్లు. ఆ గది కిటికీలోంచి చూస్తే స్కూలు కారు కనిపించేది. పక్క సీట్లో కొత్తగా చేరిన మాస్టారమ్మ కూర్చుని, స్టీరింగు దగ్గరున్నవాళ్ళకు ఏదో చెబుతూ ఉండేది. అద్దాలు వేసి ఉండటం వల్ల మాటలు వినిపించేవి కాదు.

సరిగ్గా అప్పుడే మేనకోడలికి లైసెన్సు వయసు వచ్చింది. ఆ ఆదివారం కంచం ముందు కూర్చోగానే మొదలుపెట్టింది.

"మావయ్యా, ఎల్లుండి నుంచి నాకు సెలవులు. పొద్దున్నే వచ్చేస్తా. నువ్వే నేర్పాలి."

"కొత్త మాస్టారమ్మ చాలా బాగా నేర్పుతుందమ్మా. ఆవిడ దగ్గర చేరు."

"ఆవిడెవరో నాకెందుకు? నా చిన్నప్పుడు ఒళ్ళో కూర్చోబెట్టుకుని స్టీరింగు తిప్పించినప్పుడు ఏమన్నావ్? లైసెన్సు వయసు రానీ, మొదటి రోజే హైవే ఎక్కిస్తా అన్నావ్."

"మోకాలు నొప్పిగా ఉంది."

"పోయిన వారం మేడ మీదకి నీళ్ళ డబ్బా మోశావు. నాన్న చూశాడు."

బావ కంచంలోకి చూస్తూ ఉండిపోయాడు. మాస్టారికి పక్క సీట్లో తాను కూర్చుని ఉన్నట్టు, ఈ పిల్ల నవ్వుతూ గేరు మారుస్తున్నట్టు, ఎదురుగా లారీ వస్తున్నట్టు, తన కాలు తన మాట విననట్టు కళ్ళకు కట్టింది. ఆ కంగారులో గొంతు ఆయన అనుకున్నదానికంటే గట్టిగా లేచింది.

"నావల్ల కాదని చెప్పానా? ఒకసారి చెబితే అర్థం కాదా?"

పిల్ల ముఖం చిన్నబోయింది. కంచం పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. చెల్లెలు గరిటె పక్కన పెట్టేసింది. "ఊళ్ళో ఎవరడిగినా నేర్పుతావు. సొంత మేనకోడలికి మాత్రం నీకు తీరిక లేదు. అది నీకు రోజూ మాత్ర గుర్తు చేసింది అన్నయ్యా. పరీక్షలున్న రోజుల్లో కూడా." మాస్టారు తలొంచుకుని చెయ్యి కడుక్కున్నారు. ఆ తర్వాత ఆదివారం రమ్మని ఫోను రాలేదు. ఆయనా చెయ్యలేదు. అలారం కూడా ఆగిపోయింది. మాత్ర ఆయనే గుర్తుపెట్టుకుని వేసుకునేవారు.

రేడియేషన్ ఎలా పనిచేసిందో చూడటానికి మళ్ళీ స్కాను రోజు వచ్చింది. వేచి ఉండే హాల్లో అందరూ ఇద్దరిద్దరుగా ఉన్నారు. ఒకరి ఒళ్ళో ఒకరి సంచి, ఒకరి ముఖంలోకి ఒకరు చూసుకోవడం. స్కాను చేసే ఆవిడ, జుట్టు నెరిసిన మనిషి, గుమ్మం దగ్గర నిలబడి పిలిచింది.

"బెల్టు, తాళాలు, వాచీ, ఫోను, ఏవీ ఉండకూడదు. మీవాళ్ళకి ఇచ్చేసి రండి."

"మావాళ్ళెవరూ రాలేదమ్మా."

"సరే, ఈ ట్రేలో పెట్టండి."

ఆ ప్లాస్టిక్ ట్రేలో ఆయన సామానంతా ఒక మూలకు సరిపోయింది.

గొట్టం లోపల పడుకోబెట్టి, తలను పంజరంలో బిగించి, చేతిలో రబ్బరు బంతి పెట్టారు. భయమేస్తే నొక్కమన్నారు. మోత మొదలైంది. చెవుల్లో దూది ఉన్నా పుర్రెలోంచే వినిపించింది. మాస్టారి చెవి ఇంజన్లకు అలవాటు పడిన చెవి. మొదట బేరింగు పోయిన చక్రంలా గరగర. తర్వాత హారను ఇరుక్కుపోయినట్టు ఒకటే రొద. ఆ తర్వాత ఎవరో డిక్కీ మీద సుత్తితో బాదుతున్నట్టు ధనధన. 'ముందు ఈ బండినే షెడ్డుకు పంపాలి,' అనుకున్నారు. పక్కన ఎవరైనా ఉంటే ఈ మాట అని నవ్వించేవారే. అందులో పక్క సీటు లేదు.

డాక్టరమ్మ ఫోటోను తెర మీద పెట్టి చూపించారు. నల్లటి నేపథ్యంలో బూడిదరంగు ముడతలతో ఆయన తల. ఎడమవైపు తెల్లగా వెలిగే చుక్క, దాని చుట్టూ హెడ్‌లైటు ముందు పొగమంచులా ఒక మసక.

"పెరిగింది," అన్నారు డాక్టరమ్మ.

"మళ్ళీ వచ్చిందా అయితే?"

"వచ్చిందని చెప్పలేను. రాలేదనీ చెప్పలేను. రేడియేషన్‌కు చచ్చిపోయిన చోటు కూడా ఒక్కోసారి పుండులా వాచి ఇలాగే తెల్లగా కనిపిస్తుంది. బతికున్న గడ్డా ఇలాగే కనిపిస్తుంది. ఈ ఫోటోలో రెండింటినీ విడదీసి చూడటం కష్టం."

"మరెలా తెలుస్తుంది?"

"కొన్ని వారాలు ఆగుదాం. అప్పుడు ఇంకో రకం స్కాను తీస్తాం. ఆ చోటుకి రక్తం జోరుగా వెళ్తుంటే గడ్డ, లేకపోతే పుండు."

"అప్పటిదాకా నేనేం చెయ్యాలి?"

"మామూలుగా ఉండండి. ఈసారి వచ్చేటప్పుడు ఇంట్లోవాళ్ళని ఎవరినైనా తీసుకురండి."

మామూలుగా ఉండటం ఎంత పెద్ద పనో ఆయనకు అప్పుడే తెలిసింది. పొద్దున పళ్ళు తోముకుంటూ, మామూలుగా తోముతున్నానా అని చూసుకునేవారు. బస్సులో ఎడమచెయ్యీ కుడిచెయ్యీ మార్చి మార్చి కమ్మీ పట్టుకుని, రెండిట్లో ఒకే బలం ఉందో లేదో పరీక్ష పెట్టుకునేవారు. తలనొప్పి వస్తే గడ్డ అనుకునేవారు. రాకపోతే, రాకపోవడం ఏమిటా అనుకునేవారు.

ఆ వారాల్లోనే ఒకరోజు వెనకగదిలో క్లాసు చెబుతూ బోర్డు మీద మూడు పెడళ్ళ బొమ్మ గీశారు. మొదటిదాని మీద వేలు పెట్టి, "గేరు మార్చాలంటే ముందు దీన్ని తొక్కాలి. దీన్ని..." అని ఆగిపోయారు. మాట రాలేదు. జీవితంలో ఆయన అన్నిటికంటే ఎక్కువసార్లు పలికిన మాట. అది ఎలా పనిచేస్తుందో తెలుసు, ఎంత మెల్లగా వదలాలో కాలికి తెలుసు, దాని పేరు మాత్రం నోట్లో ఉండాల్సిన చోట లేదు.

"దీన్ని ఏమంటారు?" అని క్లాసు వైపు తిరిగారు.

"క్లచ్ సార్!" అంది ముందు వరసలో కూర్చున్నావిడ.

"శభాష్. క్లచ్," అన్నారు మాస్టారు. బోర్డు వైపు తిరిగి ఆ బొమ్మ కింద పేరు రాశారు.

ఆ తర్వాత అలాంటివి ఎక్కువయ్యాయి. ఒకరోజు హ్యాండిల్, ఇంకోరోజు కూడలి. మాట అందనప్పుడల్లా మాస్టారు వెనక్కి తిరిగి క్లాసును అడిగేవారు. వాళ్ళు పోటీలు పడి చెప్పేవారు. నాలుగు రోజులు పోయాక ఓనరు గుమ్మంలో నిలబడి విని, క్లాసయ్యాక భుజం తట్టాడు. "ఏం మాస్టారూ, క్లాసు అదరగొడుతున్నారు! అడిగి అడిగి వాళ్ళ చేతే చెప్పిస్తున్నారట. ఇంత బాగా ఎవరూ నేర్పలేదంటున్నారు." మాస్టారు నవ్వారు. ఆ సాయంత్రం బస్సులో ఒక సీట్లో కూర్చుని, కనిపించిన ప్రతిదాని పేరూ పెదవులతో చెప్పుకుంటూ ఇంటికెళ్ళారు. గొడుగు. కిటికీ. కండక్టరు. చెట్టు. పక్కనున్నాయన లేచి వేరే సీట్లోకి మారిపోయాడు.

డాక్టరమ్మకు ఫోను చేస్తే రమ్మన్నారు. వాపు వల్లే అలా జరుగుతోందని వాపు తగ్గే మాత్రలిచ్చారు. అవి వేసుకుంటే ముఖం ఉబ్బింది, ఆకలి రెట్టింపయింది, నిద్ర ఎగిరిపోయింది. అయితే మాటలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. "ఇంట్లోవాళ్ళని తీసుకురమ్మన్నానే?" అన్నారు డాక్టరమ్మ. "పనుల్లో ఉన్నారండీ," అన్నారు మాస్టారు.

రెండో రకం స్కానూ అయింది. ఫలితం చెప్పే రోజున మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకెళ్ళారు. ఎందుకో ఆయనకే తెలియదు. డాక్టరమ్మ ముఖం చూడగానే ప్రాణం కుదుటపడింది.

"గడ్డ కాదు మాస్టారూ. అక్కడికి రక్తం పెద్దగా వెళ్ళడం లేదు. దాదాపుగా పుండే. మెల్లగా మానుతుంది."

"దాదాపుగానా?"

"తలలోపలి విషయంలో మా దగ్గర ఇంతకంటే గట్టి మాట లేదు. నేనైతే ఇవాళ హాయిగా భోంచేస్తాను."

నెత్తిన పాలు పోసినట్టయింది. ఆస్పత్రి మెట్లు కుర్రాడిలా దిగారు. బస్టాపులో బెంచీ మీద కూర్చుని ఫోను తీశారు. ఎవరికైనా చెప్పాలి. ఓనరుకు? ఓనరుకు తెలిసింది మోకాలి నొప్పి. బావకు? అతని దృష్టిలో గండం ఎప్పుడో గడిచింది. ఫోన్లో ఉన్న పేర్లన్నీ పైనుంచి కిందికి చూశారు. అన్నీ ఎప్పుడో నేర్చుకుని వెళ్ళిపోయినవాళ్ళవే. మంచి కబురు చెప్పాలంటే ముందు చెడ్డ కబురు చెప్పి ఉండాలి కదా. ఆయన ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడీ సంతోషాన్ని అందుకోవడానికి లోకంలో ఒక్క చెయ్యి లేదు.

పక్కన ఒక పెద్దాయన చెవిలో పాటలు పెట్టుకుని కూర్చున్నాడు.

"గడ్డ కాదటండీ," అన్నారు మాస్టారు ఆయనతో.

ఆయన చెవిలోది తీసి, "ఏంటండీ?" అన్నాడు.

"అదే... బస్సు ఎప్పుడొస్తుందో అని."

"వచ్చేస్తుందిలెండి," అని మళ్ళీ పెట్టేసుకున్నాడు.

బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. మాస్టారు ఎక్కలేదు. ఇంకోటి వచ్చేలోపు చెల్లెలికి ఫోను చేశారు. చాలాసేపు మోగాక ఎత్తింది.

"ఏంటి, ఇన్నాళ్ళకు గుర్తొచ్చానా?"

"ఒక మంచి కబురే."

"దాన్ని ఏడిపించి వెళ్ళావు. ఇప్పుడు మంచి కబురా? చెప్పు."

"తలలో ఉన్నది గడ్డ కాదట."

అవతల ఆఫీసులో ఎవరో నవ్వడం దూరంగా వినిపించింది.

"ఎవరి తలలో?"

"నా తలలోనే."

"నీ తలలో గడ్డెప్పుడు వచ్చింది?"

"వచ్చిందేమో అనుకున్నాం. అంతకుముందు ఒకటి నిజంగానే వచ్చింది. దానికి రేడియేషన్ కూడా అయిపోయింది. ఇప్పుడేం లేదే. అంతా మంచిదే."

ఫోను కట్టయింది. మాస్టారు దాన్ని చెవి దగ్గరే పెట్టుకుని కాసేపు కూర్చున్నారు.

ఎండ ఇంకా తగ్గకముందే చెల్లెలూ బావా మేడ మెట్లెక్కి వచ్చారు. చెల్లెలు లోపలికి రాలేదు. గుమ్మంలోనే నిలబడి, ఉబ్బిపోయిన ఆయన ముఖాన్ని చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేను నీకేమవుతాను అన్నయ్యా?"

"లోపలికి రా ముందు."

"చెప్పు. ఏమవుతాను?"

"ఆ రోజే చెప్దామని వచ్చానే. నువ్వు సోఫాలో నిద్రపోతున్నావు."

"నిద్రపోతే లేపకూడదా?" అని గట్టిగా అరిచింది చెల్లెలు. మేడ కింది షాపులో పనివాళ్ళు తలెత్తి చూశారు. "నిద్రపోతున్న మనిషిని లేపడం కూడా రాదా నీకు?"

బావ ఆమెను మెల్లగా లోపలికి తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు. ఉన్నది ఒకటే కుర్చీ. బావ మంచం అంచున కూర్చున్నాడు, మాస్టారు గోడకానుకుని నిలబడ్డారు. మొదటి నుంచీ చెప్పుకొచ్చారు. క్లాసులో మాట రాని సంగతి చెప్పేటప్పుడు బావ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. అంతా అయ్యాక చెల్లెలు ఫోను తీసి కూతురికి కలిపి, "నువ్వే చెప్పుకో," అని ఆయన చేతిలో పెట్టింది.

మేనకోడలికి చెప్పడమే కష్టమైంది. ఆ పిల్ల అంతా విని, "నాకు ముందే చెబితే ఏమయ్యేది మావయ్యా? నేర్చుకోవడం మానేసేదాన్ని, అంతేగా," అంది.

"నీ పక్కన కూర్చున్నప్పుడు నా కాలు కదలకపోతే ఏమయ్యేదో, అదొక్కటే ఆలోచించానమ్మా."

"ఆ మాటే చెప్పాల్సింది." అంది ఆ పిల్ల. "నేనంటే విసుగొచ్చిందేమో అనుకున్నా. ఇన్నాళ్ళూ అదే అనుకున్నా."

ఆ పిల్ల అప్పటికే మాస్టారమ్మ దగ్గర చేరింది, ఇంకో స్కూలు కారులో కాదు, ఒకప్పుడు ఆయన కూర్చున్న కారులోనే. వెనకగది కిటికీలోంచి ఆయన ఎన్నిసార్లు చూశారో, పొద్దుటి వెలుగు అద్దాల మీద పడి లోపలున్నది ఎవరో ఆనవాలు దొరకలేదు. ఆమెకు లైసెన్సు వచ్చింది. మాస్టారు మాత్రం మళ్ళీ ఆ పక్క సీట్లో కూర్చోలేదు. డాక్టరమ్మ ఒప్పుకోలేదు, ఆయనా అడగలేదు. వెనకగది క్లాసే ఆయనకు మిగిలింది. ఓనరుకు మోకాలి సంగతి నిజం చెబితే, "నాకు ఎప్పుడో అనుమానమే. కుంటనివాడికి మోకాలి నొప్పేంటి అనుకున్నా," అన్నాడు.

మళ్ళీ స్కాను రోజు వచ్చినప్పుడు చెల్లెలు సెలవు పెట్టి, ఆయన వద్దంటున్నా వినకుండా వెంట వచ్చింది. వాచీ, తాళాలు, బెల్టు తన సంచిలో వేసుకుంది. స్కాను చేసే ఆవిడ గుమ్మం దగ్గర చెయ్యి అడ్డం పెట్టి, "మీరు ఇక్కడిదాకేనమ్మా," అంది. చెల్లెలు నేల మీది గీత దాటకుండా నిలబడి, తలుపు మూసుకునేదాకా చూస్తూనే ఉంది.

ఈసారి లోపల వేరుగా ఉంటుందని మాస్టారు అనుకున్నారు. వేరుగా ఏమీ లేదు. అదే ఇరుకు, అదే పంజరం, అదే రొద. బయట ఒక మనిషి ఉందన్న సంగతి ఆ గొట్టంలోకి రాలేదు. దాన్ని గుర్తు చేసుకుందామని ప్రయత్నించారు. సుత్తి దెబ్బలు మొదలయ్యేసరికి అదీ చెదిరిపోయింది. రబ్బరు బంతిని పిడికిట్లో పెట్టుకుని, నొక్కకుండా పడుకున్నారు.

బయటికి వచ్చేసరికి చెల్లెలు హాల్లో ఉన్న అందరి జబ్బులూ కనుక్కుని కూర్చుంది. ఎవరి అల్లుడు ఏం చేస్తాడో కూడా తెలుసుకుంది. ఆయన్ని చూడగానే లేచి వచ్చి, స్కానుకు మందెక్కించడానికి చేతి మీద సూది గుచ్చిన చోట దూదిని తన బొటనవేలితో అదిమిపట్టింది.

"భయమేసిందా?"

ఇంతవరకు ఎవరూ అడగలేదు. "వేసింది," అన్నారు.

"ప్రతిసారీ వేస్తుందా?"

"ప్రతిసారీ."

రక్తం ఆగిపోయినా ఆమె ఆ దూదిని వదల్లేదు.

ఫలితం ఆ మధ్యాహ్నమే చెప్పారు. మచ్చ కొంచెం చిన్నదైంది, చుట్టూ ఉన్న మసక పలచబడింది, కొత్తవేమీ లేవు. చెల్లెలు డాక్టరమ్మకు పదిసార్లు దండం పెట్టింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని కూతురికి, భర్తకు, తన ఆఫీసులో ఇద్దరికి ఫోన్లు చేసి కబురంతా చెప్పింది. మాస్టారు పక్కన కూర్చుని, తన తల గురించి తన చెల్లెలు ఇతరులకు చెబుతుంటే విన్నారు. వేరెవరి కబురో వింటున్నట్టుంది.

ఫోన్లన్నీ అయ్యాక ఆమె సంచి ఒళ్ళో పెట్టుకుని, "మళ్ళీ ఎప్పుడు తియ్యాలట?" అంది.

"మూడు నెలలకి."

"ఆ తర్వాత?"

"మళ్ళీ మూడు నెలలకి."

"ఇలా ఎన్నాళ్ళు తీస్తూ ఉంటారు?"

"నేనున్నన్నాళ్ళూ తీస్తూనే ఉంటారు," అన్నారు మాస్టారు.

చెల్లెలు కిటికీ వైపు తిరిగింది. బస్సు తర్వాతి స్టాపులో ఆగింది. కొంతమంది దిగారు, కొంతమంది ఎక్కారు. ఎక్కినవాళ్ళలో ఒకావిడ నిలబడలేక అవస్థ పడుతుంటే మాస్టారు లేచి తన సీటిచ్చి, కమ్మీ పట్టుకుని ఇంటిదాకా నిలబడే వచ్చారు.